పద్యం పాడిన రాజుగారు

మొన్న రాజాంలో మా అమ్మాయి చదివే బడికి నేను వెళ్తే, పిల్లలకు చరిత్ర చెప్పడానికి రాజు వేషం వేసుకుంటున్న ఒకాయన ముఖపు రంగు వాసన తగిలింది. నా నాలుగో తరగతి నాటి కోపం మళ్ళీ వచ్చింది.

గజపతినగరం దగ్గర మా బడికి ఓ రాజుగారు వస్తున్నారని, పాత కోట యుద్ధం గురించి ఏదైనా అడగవచ్చని మాస్టారు చెప్పారు. నిజం రాజే అనుకున్నాను. శత్రువులు కోటను చుట్టుముడితే లోపలి బియ్యం ఎన్నాళ్ళు సరిపోయాయో అడగాలని వారం రోజులు ఎదురుచూశాను.

వచ్చినాయన నాటకాల్లో వేషాలు కట్టే మనిషి. నేను లేచి అడగగానే గొంతెత్తి పద్యం అందుకున్నాడు. వెనక పెద్దలు "వన్స్ మోర్!" అని అరిచారు. మళ్ళీ పాడాడు. నేను మళ్ళీ అడిగాను. ఇంకో పద్యం మొదలైంది.

"ఒసే, కూకో! రాగం సెడిపోతాది," అని మా మావ నా గౌను పట్టుకుని లాగాడు.

అంతా అయ్యాక, కొబ్బరినూనెతో రంగు తుడుచుకుంటున్న ఆయన దగ్గరికే వెళ్ళాను.

"బియ్యం ఎన్నాళ్ళొచ్చినాయి రాజుగారూ?"

"నాకేటి తెల్సమ్మా? పద్యాలొచ్చని పిలిసినారు, వచ్చినాను," అన్నాడు.

తన బియ్యం లెక్కే తెలియని రాజు ఓడిపోక ఏం చేస్తాడని ఏడుస్తూ ఇంటికి వచ్చాను.

ఆయన మీద కోపమైతే ఎప్పుడో పోయింది. కిరీటం పెట్టుకున్నవాడికి చరిత్ర కూడా తెలిసే ఉంటుందని మాస్టారూ నాలాగే నమ్మారు కాబోలు. కానీ నేను రెండుసార్లు అడిగినా జవాబు రాలేదన్న సంగతి, అంతమంది పెద్దల్లో ఒక్కరికీ తట్టలేదు.