టింబర్‌మన్ ఓదెలు పేరు పాటల కలిసిన ఆదివారం

మా చిన్నప్పుడు... ములకలపల్లి అవతల అడవి అంచున మా మేనమామకు మిర్చి కొట్టం ఉండె. ఒకరోజు పొద్దుగాల ఆ కొట్టంలకెల్లి పులి గాండ్రించినట్టు చప్పుడొచ్చింది. చేన్ల కాయలు ఏరేటి ఆడోళ్లు గంపలు ఆడనే పడేసి ఉరికిన్రు. మామ కట్టె పట్టుకొని తలుపు తీస్తే, లోపల మా శ్రీను అన్న... కండ్లల్ల నీళ్లు కారంగ, మెడ నరాలు ఉబ్బంగ పాట పాడుతుండు.

అవ్... పాటనే.

"ఏం పట్టింది రా నీకు?" అన్నడు మామ.

"గిట్ల గర్జించుకుంట పాడేదాన్ని డెత్ మెటల్ అంటరు మామా," అన్నడు అన్న దగ్గుకుంట.

మామకు అండ్ల "డెత్" ఒక్కటే సమజైంది. కట్టె కింద పెట్టి ఎల్లిపోయిండు.

మేముండేది బొగ్గు గని కాలనీల. నాయిన అండర్‌గ్రౌండ్ల పనిచేసేటోడు. అన్న ఐటీఐ చదువుతుండె. ఖమ్మంల ఒక దుకాణంల ఎవరూ కొనక దుమ్ము పట్టిన క్యాసెట్ ఒకటి తెచ్చుకున్నడు. అట్ట మీద పిరమిడ్లు, బట్ట చుట్టిన శవం... దయ్యం సినిమా పాటలనుకున్నడట. ఇంటికొచ్చి ఏస్తే, టేప్‌రికార్డర్ ఖరాబైందని అమ్మ జల్దీ ప్లగ్గు పీకేసింది.

ఎక్కడి దేశపోళ్లో... ఈజిప్టు రాజుల మీద, వాళ్ల చావు దేవుళ్ల మీద అరుసుకుంట పాడిన్రు. అన్నకు ఎందుకో అది గట్టిగ పట్టుకుంది.

కొన్నాళ్లకు ముగ్గురైన్రు. గొంతు అన్నది. గిటారు జాన్‌ది, చర్చిల వాయించేటోడు. డ్రమ్ములు మా పక్క క్వార్టర్ రవివి... పెండ్లి బ్యాండోళ్లు పక్కన పడేసినయి తెచ్చుకున్నడు. ఈజిప్టుల చచ్చినోళ్లను చూసుకునే నక్క తల దేవుడు ఉన్నడట, అనుబిస్. బ్యాండుకు ఆ పేరే పెట్టిన్రు. రవి డ్రమ్ము మీద నక్క బొమ్మ గీసి కింద పేరు రాస్తే, కాలనీ పిల్లలు "అను బిస్కెట్" అని పిలిచేటోళ్లు...

మిర్చి ఘాటుకు గొంతు మంచిగ బొంగురుపోతదని అన్న నమ్మకం. అందుకే ఆ కొట్టం. ఇంటికొస్తే అమ్మ పసుపు పాలు తాగిచ్చేది.

నేనప్పుడు ఏడో తరగతి. పాటలు తెలుగుల రాసే పని నాకు పడ్డది, చేతిరాత మంచిగుంటదని. స్కూల్ల ఈజిప్టు పుస్తకం ఒకటి దొరికింది. అండ్ల ఉన్నది... పొద్దు రోజూ మునిగినంక భూమి కిందికి దిగి, పడవల చీకటంత దాటి, తెల్లారి మళ్ల పైకొస్తదట. ఇంకోటి గూడ ఉన్నది... పోయినోళ్ల పేరు ఎవరన్న పలుకుతున్నన్ని దినాలు వాళ్లు పోయినట్టు కాదట. అందుకే రాజులు తమ పేర్లు రాళ్ల మీద చెక్కిచ్చుకునేటోళ్లట. ఆ రాజుల పేర్లు పెట్టి ఒక పాట రాసిన.

రవి వాళ్ల నాయిన ఓదెలు మామ గనిల టింబర్‌మన్. కప్పు కూలకుంట దుంగలు నిలబెట్టే పని. ఒక మాపటీలి నేను గడప మీద కూసొని రాస్తుంటే, చదివించుకొని విన్నడు.

"అంటే సూర్యునికి గూడ నైట్ షిఫ్టే అన్నట్టు..." అని నవ్వుకుంట టిఫిన్ డబ్బా పట్టుకొని డ్యూటీకి పోయిండు.

ఆ వానాకాలం ఒకనాడు సెకండ్ షిఫ్టుల కప్పు కూలింది. ఓదెలు మామను స్ట్రెచర్ మీద తెచ్చిన్రు. దవాఖానా దాకా గూడ పోలె.

రెండు నెలలు రవి డ్రమ్ము ముట్టలె. అన్న రోజూ పోయి వాళ్ల అరుగు మీద కూసునేటోడు.

తర్వాత రవికి నాయిన బదులు ఉద్యోగం ఆర్డరొచ్చింది. అదే గని. సోమవారం దిగాలె. ఆదివారం పొద్దున మా ఇంటికొచ్చిండు.

"శ్రీనూ, ఒక్కసారి కొడదాం రా. కొట్టంల వద్దు... మా ఇంటి ముంగట. రాజుల పేర్లొచ్చే పాట. ఆడ మా నాయిన పేరు పెట్టు."

అన్న నా దిక్కు చూసిండు. నేను నోట్‌బుక్కుల రాజు పేరు కొట్టేసి, "ఓదెలు" అని రాసిన.

రవి కొట్టుడు మొదలుపెట్టంగనే మా క్వార్టర్ల లైన్ల తలుపులన్నీ తెరుసుకున్నయి. జాన్ అందుకున్నడు. అన్న కండ్లు మూసుకొని, కడుపుల నుంచి... "ఓ... దె... లూ..." అని అరిచిండు.

మా నాయిన బనీను మీదనే ఉరికొచ్చిండు. "మనిషి పోయిన ఇంటి ముంగట గీ మొత్తుకునుడేంది? బంద్ చెయ్యిన్రి!"

ఆపిన్రు. అప్పటికే రవి వాళ్లమ్మ రాజమ్మత్త తలుపు కాడ నిలబడ్డది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఏమంటున్నరు బిడ్డా వీళ్లు?" అని నన్నడిగింది.

"మామ పేరు అత్తా..."

మేమంత తల దించుకున్నం. అత్త కొంగు దించి చెప్పింది...

"ఒట్టి ఓదెలంటే ఎట్ల తెలుస్తది? ఈ లైన్ల ఇద్దరు ఓదెలులున్నరు. టింబర్‌మన్ ఓదెలు అను."

అన్న మళ్ల అందుకున్నడు. ఈసారి నాయిన ఆపలె. రాజమ్మత్త గడప మీద కూసొని పాట అయిపోయేదాక కదలలె. రవి ఏడ్చుకుంటనే కొట్టిండు, తాళం మాత్రం తప్పలె.

తెల్లారి రవి డ్యూటీకి పోయిండు. షిఫ్టులు కలవక బ్యాండు అట్లనే ఆగిపోయింది. జాన్ చర్ల ఊరి దిక్కు టీచరై పోయిండు. అన్నకిప్పుడు కల్లూరుల ఉద్యోగం, మిర్చి ఘాటు పడదు. రవి ఇంకా గనిలనే ఉన్నడు.

ఆ క్వార్టర్ల లైను ఇప్పుడు లేదు... పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్ట్ గని కింద పోయింది. మేమున్నకాడ పెద్ద గుంత, అండ్ల వాన నీళ్లు. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ల ఎవరి చెవుల్ల వాళ్లకే పాట... పక్కింటోళ్లు ఏం వింటరో, ఎవరి కోసం ఏడుస్తరో తెల్వది.

మీ వాడల ఏ ఇంట్లకెల్లి ఏ చప్పుడు వినవడుతుండెనో... యాదికుంటే కింద రాయున్రి.