నాలుగో టాస్క్: భోజనానికి ఉండమంటే

2023 జనవరి 17, మంగళవారం, ఉదయం 9:40కి మా డైరెక్టర్ మార్గరెట్ నా గది గుమ్మంలో నిలబడి, మార్చి 20లోగా తెలుగు భాషకి ఒక పరీక్ష తయారుచేయడం సాధ్యమా అని అడిగారు. నేనప్పుడు మిషిగన్‌లోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో, అసెస్‌మెంట్ ఆఫీసులో సీనియర్ అనలిస్టుని. చదివింది స్టాటిస్టిక్స్. అక్కడ చేరి ఇరవై ఆరేళ్లయింది. తెలుగు నా మాతృభాషే గాని, ఆఫీసులో దానితో పని పడటం అదే మొదటిసారి.

మా ఆఫీసు ఏం చేస్తుందో చెప్పకపోతే మిగతాది అర్థం కాదు. అమెరికాలో డిగ్రీని చాలాకాలం క్లాసులో కూర్చున్న గంటలతో లెక్కపెట్టారు. మూడు క్రెడిట్ల కోర్సంటే వారానికి మూడు గంటల చొప్పున సెమిస్టరంతా కూర్చోవడం. కూర్చున్నంత మాత్రాన వచ్చేసిందని ఎవరూ చెప్పలేరు. అందుకని మరో పద్ధతి మొదలైంది. కోర్సు ముగిసేసరికి విద్యార్థి ఏం చేయగలగాలో ముందే వాక్యాలుగా రాస్తారు. ఆ పని చేసి చూపించినవారికి క్రెడిట్ ఇస్తారు. ఎక్కడ నేర్చుకున్నావు, ఎన్నాళ్లు పట్టింది అని అడగరు. ఆ వాక్యాన్ని అవుట్‌కమ్ అంటారు. ఎంత బాగా చేస్తే ఎన్ని మార్కులో చెప్పే పట్టికని రూబ్రిక్ అంటారు.

అవుట్‌కమ్‌లో క్రియ కంటికి కనబడేదై ఉండాలి. ‘వివరిస్తారు’, ‘గీస్తారు’, ‘లెక్కిస్తారు’ పనికొస్తాయి. ‘అర్థం చేసుకుంటారు’, ‘ఆస్వాదిస్తారు’ పనికిరావు. అలాంటి వాక్యాలు పట్టుకుని తిప్పి పంపడం నా ఉద్యోగం. ఒక చరిత్ర ప్రొఫెసర్ కాగితాన్ని ‘ఆస్వాదిస్తారు’ దగ్గర ఏడుసార్లు తిప్పి పంపాను. ఆ తర్వాత ఆయన నేనెక్కిన లిఫ్ట్ ఎక్కడం మానేశారు.

తెలుగు పరీక్ష కావాలని అర్జీ పెట్టింది మేఘన అనే ఆఖరి సంవత్సరం విద్యార్థిని. మిషిగన్‌లోనే ట్రాయ్ అనే ఊళ్లో పుట్టి పెరిగింది. తండ్రి కార్ల సీట్లు డిజైన్ చేసే ఇంజనీరు. ఫిజికల్ థెరపీ డాక్టరేటులో ఆమెకి సీటొచ్చింది. జూన్‌లో చేరాలి, మే నెలకల్లా డిగ్రీ చేతిలో ఉండాలి. కోర్సులన్నీ అయిపోయాయి, రెండో భాష తప్ప. స్పానిష్ రెండు సెమిస్టర్లు చదివి వదిలేసింది. ఇంటి భాషలో నైపుణ్యం చూపిస్తే నాలుగు సెమిస్టర్ల క్రెడిట్ ఒకేసారి ఇవ్వొచ్చని నిబంధన ఉంది. చైనీస్‌కి, అరబిక్‌కి పరీక్షలున్నాయి, తెలుగుకి లేదు. రిజిస్ట్రార్ పెట్టిన గడువు దాటితే డిగ్రీ డిసెంబరుకి పోతుంది, సీటు ఇంకొకరికి పోతుంది.

మేఘన నన్ను కలవడానికి వచ్చి, “ఆంటీ, నాకు తెలుగు వచ్చు. బట్ ప్రూఫ్ లేదు,” అంది.

ఆఫీసులో ఆంటీ అనకూడదని చెప్పాను.

“ఓకే ఆంటీ,” అంది.

అన్ని భాషలకీ మా ఆఫీసులో ఒకే మూస ఉండేది. మొత్తం ఆరు టాస్కులు. ఫోన్లో అపాయింట్‌మెంట్ తీసుకోవడం, దారి చెప్పడం, జరిగిన సంగతి వరసగా చెప్పడం, అలాంటివి. ప్రతి టాస్కుకీ ఇద్దరు పరీక్షకులు విడివిడిగా, ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా, ఒకటి నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తారు. పదిమందిలో కనీసం ఎనిమిదిమందికి ఇద్దరి మార్కులూ కలవాలి. కలవకపోతే ఆ టాస్కు చెల్లదు. ఆరూ చెల్లితేనే నాలుగు సెమిస్టర్ల క్రెడిట్. ఒకటి పోయినా రెండు సెమిస్టర్లకే. అది మేఘనకి చాలదు.

పరీక్షకులుగా ట్రాయ్‌లో వారాంతపు తెలుగు బడి నడిపే ఇద్దరిని తీసుకున్నాను. విజయది కరీంనగర్, వృత్తి ఫార్మసిస్టు. భాస్కరరావుగారిది గుంటూరు, ముప్ఫై ఏళ్లు కార్ల బ్రేకులు డిజైన్ చేసి రిటైరయ్యారు. విద్యార్థులతో మాట్లాడే పాత్ర విజయది. ఆ రికార్డింగులు విని ఇద్దరూ మార్కులు వేస్తారు. రెండు సాయంత్రాలు శిక్షణ ఇచ్చాను. నాలుగో టాస్కు మరీ సులభంగా కనిపించడంతో దాన్ని పైకి చదివి వదిలేశాం. అది ఇది: ‘పరిచయమున్న పెద్దవారు భోజనానికి ఉండమంటే మర్యాదగా నిరాకరించి, కారణం చెప్పి, రెండు నిమిషాల్లో సెలవు తీసుకోగలరు.’ ఫ్రెంచి పరీక్షలో ఇది నిమిషం పట్టేది.

ఫిబ్రవరి 25, శనివారం, మేఘనతో కలిపి పదిమందికి పరీక్ష పెట్టాం. మిగతా తొమ్మిదిమంది తర్వాతి సంవత్సరాల్లో క్రెడిట్ కావలసినవాళ్లు. అయిదు టాస్కుల్లో మార్కులు చక్కగా కలిశాయి. నాలుగోదాంట్లో పదిమందిలో ముగ్గురికే కలిశాయి.

ఇద్దరూ మార్కులు ఇచ్చేశాక పిలిచి అడిగాను. నిఖిల్ అనే కుర్రాడు “నో థాంక్స్ ఆంటీ, బై” అని నలభై సెకన్లలో గదిలోంచి వెళ్లిపోయాడు. అతనికి భాస్కరరావుగారు నాలుగు వేశారు, విజయ ఒకటి వేసింది.

“స్పెసిఫికేషన్లో రెండు నిమిషాలన్నారండీ. ముందే ఆగాడు. బండి ఆగితే మార్కులెయ్యకుండా ఎట్లా?” అన్నారాయన.

“అన్నా, పిల్లగాడు బండి కాదు. పిలిచినోళ్ల మొకం జూడకుండ పోయిండు. సున్న ఉంటే సున్ననే వేస్తుంటి,” అంది విజయ.

మరో అమ్మాయి నాలుగు నిమిషాలు బతిమాలించుకుని చివరికి “సరే ఆంటీ, తింటా” అంది. ఆ అమ్మాయికి విజయ నాలుగు వేసింది, భాస్కరరావుగారు ఒకటి.

మార్గరెట్‌కి తెలుగు రాదు. అయినా ఒక రికార్డింగు చివరిదాకా విని, “ఈవిడ ఆ అమ్మాయిని ఎందుకు తిడుతున్నారు?” అని అడిగారు. తిట్టడం లేదు, తినమంటోంది అని చెప్పాను.

“రెండో మాటకే ‘నో’ అందిగా?”

“మొదటి రెండు మూడుసార్లు వద్దంటే లెక్కలోకి రాదు.”

“మరి ఎన్నోసారి నుంచి లెక్క?”

చూసి చెబుతానన్నాను.

ఆ సాయంత్రం విజయకి ఫోన్ చేసి, రెండోసారి వద్దనగానే నువ్వు ఆగిపోవచ్చు కదా అని అడిగాను. “ఆగొచ్చు అక్కా. కాని అప్పుడు నేను పిలిచినట్టు కాదు గద, ఊకె అడిగినట్టు అయితది,” అంది. ఆమె చెప్పింది నిజం. మా ఇంట్లో నేనూ అంతే.

తర్వాత రికార్డింగులు ఒక్కొక్కటే, మార్కులు చూడకుండా విన్నాను. మేఘనది ఆరు నిమిషాలు సాగింది.

“తిని పో బిడ్డా.”

“లేదు ఆంటీ, హోంవర్క్ ఉంది.”

“హోంవర్క్ ఉన్నోళ్లు తినరా? తిని చేసుకో.”

“డ్రైవ్ చేయాలి ఆంటీ, స్నో పడుతుంది.”

“ఖాళీ కడుపుతోని ఎవలన్న డ్రైవ్ చేస్తరా?”

“ఖాళీ లేదు ఆంటీ. పిజ్జా తిన్నాను.”

“గదొక తిండా?”

ఇలా సాగి సాగి, చివరికి మేఘన, “ఆంటీ, డబ్బాలో పెట్టేయండి. ఇంటికెళ్లి తింటాను, ప్రామిస్,” అంది. విజయ వెంటనే మెత్తబడింది. “గట్ల జెప్పు మరి,” అంది. అక్కడితో సంభాషణ ముగిసింది.

మిగతావీ విన్నాను. బాగా తెలుగు వచ్చిన పిల్లలెవరూ నిరాకరించలేదు. ఒకడు వచ్చే శనివారం అమ్మతో వస్తానన్నాడు. ఒకమ్మాయి ఒక్క ముద్ద పెరుగన్నం చాలంది. పిలిచినవాళ్ల మాట నిలబెట్టి తమ దారిన తాము బయటపడ్డారు. తెలుగు అంతగా రానివాళ్లే వద్దు, వద్దు, వద్దు అంటూ ఉండిపోయారు. తప్పు పిల్లలదీ కాదు, పరీక్షకులదీ కాదు. మన ఇళ్లలో ఎవరూ చేయని పనిని చేసి చూపించమని అడిగాం.

అవుట్‌కమ్ మార్చి రాశాను: ‘పెద్దవారు భోజనానికి ఉండమంటే, ఆ పిలుపుని గౌరవిస్తూ, ఇద్దరికీ సమ్మతమైన మార్గం చెప్పి, మూడు నిమిషాల్లో సెలవు తీసుకోగలరు.’ రూబ్రిక్ కూడా మార్చాను. విజయ, భాస్కరరావుగారు చదివి, ఇప్పుడు బాగుందన్నారు. ఆ ఇద్దరూ ఒకేసారి బాగుందన్న మొదటి కాగితం అదే.

పాత రికార్డింగులకే కొత్త రూబ్రిక్‌తో మార్కులు వేయిస్తే సరిపోతుంది కదా, ఆ అమ్మాయి గడువు దగ్గరపడింది అని మార్గరెట్ అన్నారు. ఆవిడ మంచికే అన్నారు. నేను ఒప్పుకోలేదు. ఆ రికార్డింగులు విని రాసిన కొలతతో వాటినే కొలిస్తే మార్కులు కలవక ఏమవుతాయి? ఆ ఒక్క టాస్కుకీ కొత్తగా పరీక్ష పెట్టాలి. ఖాళీగా దొరికిన రోజు ఒకటే, మార్చి 18, శనివారం. సోమవారం ఉదయం రిజిస్ట్రారుకి నివేదిక వెళ్లాలి. ఈసారీ మార్కులు కలవకపోతే మళ్లీ ప్రయత్నించే సమయం ఉండదు.

మళ్లీ రావాలని మేఘనకి చెప్పినప్పుడు, “నేను ఫెయిలయ్యానా ఆంటీ?” అంది. మార్కులు చెప్పకూడదు. నువ్వు కాదు, పరీక్ష ఫెయిలైంది అన్నాను.

“టెస్ట్ ఫెయిల్ అవుతుందా? ఇది అందరికీ టెక్స్ట్ చేయొచ్చా?”

నివేదిక వెళ్లాక చేయమన్నాను.

మా పద్ధతిలో రూబ్రిక్ దాచం. ఏం చేయగలగాలో విద్యార్థికి ముందే తెలియాలి. కొత్త రూబ్రిక్ పదిమందికీ వారం ముందు పంపాను. భోజనానికి పిలుపు అదే గాని, సన్నివేశంలో మిగతా వివరాలు మార్చాం.

పద్దెనిమిదో తారీకు ఉదయం విజయ రెండు పెద్ద సంచులతో దిగింది. ఒకదాంట్లో పులిహోర, సకినాలు. ఇంకోదాంట్లో స్టీలు డబ్బాలు పది.

“విజయా, ఇది పరీక్ష,” అన్నాను.

“ఎరుకే అక్కా. పోయినసారి ఉత్త మాటలే అయినయి. ఏం లేకుండ తినుమంటే ఎవలు నమ్ముతరు? నాకే నమ్మబుద్ధి కాలే.”

ఆలోచించాను. పదిమంది ముందూ అవే ఉంటే పరీక్ష పరిస్థితి అందరికీ సమానమే. నిబంధనల్లో అభ్యంతరం లేదు. సామగ్రి అన్న గడిలో ‘పులిహోర, సకినాలు, డబ్బాలు’ అని రాశాను. సామగ్రి నాణ్యత కూడా చూడాలి కదండీ అంటూ భాస్కరరావుగారు మూడు సకినాలు చూశారు.

పిల్లలు ఒక్కొక్కరే వచ్చారు. నిఖిల్ ఈసారి కూర్చుని, పులిహోర ఒక చెంచా తిని, మిగతాది డబ్బాలో పెట్టించుకుని, “మా మమ్మీ కన్నా మీది బాగుంది, బట్ చెప్పకండి,” అని వెళ్లాడు. నేను గది మూలన గడియారంతో కూర్చున్నాను. నవ్వకూడదు. రెండుసార్లు కిటికీ వైపు తిరగాల్సి వచ్చింది.

మేఘన చివరిది. పదో మనిషి కావడంతో విజయ ఆరితేరి ఉంది. ఏది చెప్పినా దారి మూసేస్తోంది. డబ్బాలో పెట్టమంటే, “డబ్బల సల్లగయితది, ఈడ తిను,” అంది. ఇంకో రోజు వస్తానంటే, “మొన్న గూడ గట్లనే అంటివి,” అంది. నిమిషమున్నర అయింది. మేఘన సంచుల వైపు చూసి అడిగింది.

“ఆంటీ, మీరు తిన్నారా?”

విజయ పొద్దున నాలుగింటికి లేచి వంట చేసిన మనిషి. అప్పటికి పదకొండున్నర దాటింది. ఏమీ తినలేదు.

“ముందు మీరు కూర్చోండి. నేను రెండు బైట్స్ తింటా, మీతో. తర్వాత బాక్స్ ఇచ్చేయండి, వెళ్తా. ఓకేనా?”

“సరే బిడ్డా,” అంది విజయ. గడియారంలో రెండు నిమిషాల పది సెకన్లు. రికార్డింగు ఆపాక కూడా ఇద్దరూ అక్కడే కూర్చుని తిన్నారు. అది పరీక్షలో భాగం కాదు కాబట్టి నేను కూడా వెళ్లి కూర్చున్నాను.

సాయంత్రం ఇద్దరు పరీక్షకులూ వేర్వేరు గదుల్లో విని మార్కులు వేశారు. ఆదివారం కూడిక రెండుసార్లు చేశాను. పదిమందిలో తొమ్మిదిమందికి కలిశాయి. మేఘనకి ఇద్దరూ నాలుగే వేశారు. సోమవారం ఎనిమిదిన్నరకి నివేదిక పంపాను, బుధవారం రిజిస్ట్రార్ ఆమోదించారు. మే నెలలో మేఘన డిగ్రీ తీసుకుంది, జూన్‌లో థెరపీ కోర్సులో చేరింది. వెళ్లేముందు విజయ డబ్బా తిరిగి ఇచ్చింది. ఖాళీగా ఇవ్వలేదు, వాళ్లమ్మ చేసిన సున్నుండలు ఉన్నాయి.

ఈ పనితో నాకు తెలిసింది ఇది. విద్యార్థి ఏం చేయగలగాలో రాయాలంటే, ఆ పని బాగా వచ్చినవాళ్లు దాన్ని ఎలా చేస్తున్నారో ముందు చూడాలి. మూస చూసి రాస్తే, మూస ఏ ఇంటి నుంచి వచ్చిందో ఆ ఇంటి పనే కొలుస్తాం. ఆ తర్వాత నేను ఆఫీసులో ఉన్నన్నాళ్లూ, పరీక్ష రాసేముందు వినడానికి ఒక వారం కేటాయించమని ప్రతి శాఖకీ చెప్పాను. కొందరు కేటాయించారు.

పోయినవి ఇవి. నాలుగో టాస్కు మొదటి రికార్డింగులు పది, నిబంధన ప్రకారం తుడిచేశాం. పాత అవుట్‌కమ్ ఒకటి. శనివారం ఒకటి. రెండో శనివారం పోయిందని అనను. స్టీలు డబ్బాలు పదిలో ఎనిమిది. వాటిలో ఒకటి, విజయ పులిహోర పెట్టి పంపినది, మార్గరెట్ టేబుల్ మీద పెన్నులతో ఉండేది. తిరిగి అడగొద్దని విజయ చెప్పింది.