బంద్ రోజున మా ఇంటికి వచ్చిన ఏసీ

ఈ ఎండాకాలం మా ఇంట్లో ఏసీ పాడైపోతే మా పిల్లలు కొత్తది ఫోన్‌లోనే కొనేశారు. పొద్దున కాఫీ తాగుతూ బొమ్మ చూసి వేలితో నొక్కారు, మధ్యాహ్నానికి ఇద్దరు మనుషులు నిచ్చెనతో సహా వచ్చారు, నేను భోజనం చేసి చెయ్యి కడుక్కుని ఒక కునుకు తీసేలోగా పాతది విప్పి, కొత్తది గోడకు బిగించి వెళ్లిపోయారు. లేచి చూస్తే గది చల్లగా ఉంది. సంతోషించాల్సింది పోయి నాకెందుకో నీరసం ముంచుకొచ్చింది. చల్లదనం ఇంత చప్పుడు లేకుండా ఇంట్లోకి వస్తుందా అనిపించింది. మన వయసు వాళ్లకైతే ఈ మాట వివరించనక్కర్లేదు, మన ఇళ్లకు ఏ వస్తువు వచ్చినా దాని వెనక ఒక పెద్ద తతంగం ఉండేది.

మా వీధిలో మొట్టమొదట ఏసీ పెట్టించింది నేనే. ఈ మాట ఇన్నేళ్లుగా పెళ్లిళ్లలో, పేరంటాల్లో చెబుతూ వచ్చాను గనుక చెయ్యి అలవాటుగా రాసేసింది. నిజానికి మొదటిది చివరింటి పళ్ల డాక్టరుగారిది, రెండోది ప్లాట్ల వ్యాపారం చేసేవాళ్లది, మాది మూడోది. అబద్ధాన్ని మోయడానికి కూడా ఒంట్లో ఓపిక ఉండాలి, ఈ మధ్య అది కూడా తగ్గిపోయింది.

మా ఇల్లు దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ పోయే పెద్ద రోడ్డు మీద, కొత్తపేట దగ్గర లోపలికి తిరిగే సందులో ఉంటుంది. అప్పట్లో ఎండాకాలం వచ్చిందంటే గడ్డిఅన్నారం పళ్ల మార్కెట్ నుంచి మామిడిపళ్ల వాసన గాలిలో తేలి మా ఇళ్ల దాకా వచ్చేది, దానితో పాటు ఈగలూ వచ్చేవి. తెలంగాణ ఉద్యమం మంచి ఉధృతంగా ఉన్న రోజులు. ఇవాళ రాస్తారోకో, రేపు ధర్నా, ఎల్లుండి బంద్. ఆఫీసులో మధ్యాహ్నం నినాదాలు ఇచ్చి ఇచ్చి గొంతు బొంగురుపోయి, ఎండలో నడిచి నడిచి కాళ్లు బొబ్బలెక్కి, సాయంత్రానికి ఇంటికి చేరి అరుగు మీద కూలబడేవాణ్ని. ఆ రోజులను తలచుకుంటే ఉత్సాహం ముందు రాదు, ఆ అలసటే ముందు వస్తుంది.

మా ఆవిడ జాకెట్లు కుట్టేది. నల్లగొండ పక్క పల్లె నుంచి ఈ నగరానికి వచ్చినప్పుడు బస్సులో ఆ కుట్టుమిషన్ తలను గోనెసంచిలో చుట్టి, చంటిపిల్లను పట్టుకున్నట్టు దారంతా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. వీధివైపు చిన్న గదిలో దాన్ని బిగించుకున్నాక, మా జిల్లా నుంచి వచ్చినవాళ్లూ, కోస్తా నుంచి వచ్చి స్థిరపడినవాళ్లూ అందరూ ఆ గదికే వచ్చేవాళ్లు. బయట మగవాళ్లం ప్రాంతాల పేరుతో ఎంత వాదించుకున్నా, ఆ గదిలో మాత్రం మెడ ఎంత లోతు, చెయ్యి ఎంత పొడుగు అన్నదే సమస్య.

ఆమెకు గర్భసంచి తీసేశారు. ఆపరేషన్ గాయం మానింది గాని, ఆ తర్వాత ఒంట్లోంచి సెగలు పుట్టడం మొదలైంది. ఉన్నట్టుండి మెడ దగ్గర మొదలై ముఖమంతా ఎర్రబడి, తల మీద కుండెడు నీళ్లు కుమ్మరించినట్టు చెమట కారిపోయేది. పెళ్లివారి పట్టుగుడ్డ మీద ఒక్క చెమటచుక్క పడితే మరక పోదు. ఫ్యాను వేసుకుంటే కత్తిరించి పెట్టిన ముక్కలు గదంతా ఎగురుతాయి. కూలర్ తెస్తే గుడ్డ చెమ్మగిల్లి, సుద్దముక్కతో గీసిన గీతలు కనబడకుండా పోయాయి. ఆమె మెడకు ఒక తువ్వాలు, నుదుటికి ఒక తువ్వాలు కట్టుకుని కుడుతుంటే చూడలేకపోయేవాణ్ని. చూడలేక ఏం చేసేవాణ్నయ్యా అంటే, బయటికి వెళ్లిపోయేవాణ్ని.

ఒకరోజు సాయంత్రం ఆమె మిషన్ మీద గుడ్డ కప్పేసింది. ఒక పెళ్లివారి జాకెట్ల గుడ్డలు మడతపెట్టి సంచిలో సర్దింది.

"ఇగ నాతోని అయితలేదు. పొద్దుగాల్ల ఈ గుడ్డలు వాళ్లకు వాపసిచ్చేస్త. మిషన్ గూడ ఎవలికన్న ఇచ్చెయ్," అంది.

కోపంగా అని ఉంటే నాకు అంత భయం వేసేది కాదు. ఆమె మెల్లగా అంది. ఆ మిషన్ ఆగిపోతే ఈ మనిషిలో ఇంకేదో కూడా ఆగిపోతుందని నాకు అర్థమైంది. రేపే ఏసీ పెట్టిస్తాను, ఒక్కరోజు ఆగమన్నాను. రేపు పొద్దుగూకే దాకా చూస్తానంది.

మా పక్కింటాయనకు దిల్‌సుఖ్‌నగర్ పెద్ద రోడ్డు మీద ఫ్రిజ్‌లు, ఏసీల దుకాణం. గుడివాడ వైపు మనిషి. ఊరందరికీ ఏసీలు అమ్మే ఆయన తన ఇంట్లో మాత్రం ఫ్యాను కిందే పడుకునేవాడు. రోజూ టీవీలో వార్తలయ్యాక మేమిద్దరం ప్రహరీగోడకు అటూ ఇటూ నిలబడి రాష్ట్రం సంగతి తేల్చుకునేవాళ్లం. ఏసీల గురించి ఆయనకంటే నాకే ఎక్కువ తెలుసునని అప్పటికే ఆఫీసులో చెప్పుకున్నాను. టన్నున్నర ఏసీ అంటే అది అంత బరువుంటుందనుకుని, మా తొమ్మిదంగుళాల గోడ ఆగుతుందా లేదా అని ఒక మేస్త్రీని పిలిపించి తట్టించి చూసిన సంగతి మాత్రం ఆఫీసులో చెప్పలేదు. ఆ రాత్రి గోడ దగ్గర పక్కింటాయనకు చెబితే నవ్వకుండా అంతా విన్నాడు. ఆ గదికి ఉన్న ఒక్క కిటికీలో విండో ఏసీ పెడితే వెలుతురు పోతుందని, వెలుతురు లేనిదే సూదిలో దారం ఎక్కదని, అందుకని లోపలొక పెట్టె, బయటొక పెట్టె ఉండే స్ప్లిట్ ఏసీయే మంచిదని ఆయనే తేల్చాడు. సరే, రేపే పంపించమన్నాను.

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "రేపు బంద్ కదా అన్నయ్యగారూ. బంద్ చేసేదీ మీరే, ఏసీ కావాలనేదీ మీరేనా?"

నిజమే. నేనప్పుడు బంద్‌కు నాయకత్వం వహించేవాణ్ని. అంటే, బ్యానర్‌కు ఒక పక్క కర్ర పట్టుకునేవాణ్ని. అది కూడా ముందు బ్యానర్ కాదు, వెనక బ్యానర్. అయినా దుకాణాలు మూయించే గుంపులో ఉండి దుకాణం తెరవమని అడగడం ఎంత సిగ్గుచేటో నాకు తెలుసు. మా ఆవిడ మాట చెప్పాను. అది విన్నాక, పొద్దున్నే ఊరేగింపు రాకముందే సగం షట్టర్ ఎత్తి ట్రాలీ ఆటోలో వేసి పంపించేస్తానన్నాడు.

అంతా బాగానే ఉండేది, ట్రాలీ డ్రైవర్ ఆలస్యంగా రాకపోతే. మేము నినాదాలు ఇచ్చుకుంటూ ఆ దుకాణం ముందుకు వచ్చేసరికి షట్టర్ సగం లేచి ఉంది, రెండు అట్టపెట్టెలు ట్రాలీలో ఉన్నాయి, పక్కింటాయన తాడు కడుతున్నాడు. మా కాలనీ సంఘం కార్యదర్శి ముందుకు దూకాడు. మనిషి మంచివాడే గాని, గొంతు మైకు అక్కర్లేని గొంతు.

"ఏందన్నా ఇది? గింత చెప్పినంక గూడ దుకాణం తెరుస్తవా? దించు, దించు పెట్టెలు!"

పక్కింటాయన నా వైపు చూశాడు. నేను బ్యానర్ వెనక ఉన్నాను. ఒక్క మాట అంటే చాలు, ఈ పెట్టెలు అదిగో ఆ బ్యానర్ కర్ర పట్టుకున్నాయనవి అని. ఆయన అనలేదు. తాడు ముడి విప్పడం మొదలుపెట్టాడు. ఆ ముడి విడుతుంటే నాకు మిషన్ మీద కప్పిన గుడ్డ గుర్తొచ్చింది. నోరు ఎలా లేచిందో తెలియదు.

"అది దవాఖానకు పోతున్నదే! కాన్పుల వార్డుకు. దవాఖానను ఆపొద్దు గద!"

కార్యదర్శి చటుక్కున మెత్తబడ్డాడు. అక్కడితో ఆగితే బాగుండేది. దారిలో ఇంకెవరన్నా ఆపుతారని, మనమే దగ్గరుండి దవాఖానలో దించి వద్దామని అన్నాడు. ట్రాలీకి ఒక జెండా కట్టారు. యాభైమంది మగవాళ్లం, ముందొక బ్యానర్, వెనకొక బ్యానర్, నడుమ నా ఏసీ. యాభైమంది అన్నాను గదూ, ఓ పాతికమంది ఉంటాం. చౌరస్తాలో వేరే గుంపు ఎదురైనప్పుడల్లా కార్యదర్శి "దవాఖాన బండి, జర జరగుండ్రి!" అని అరవడం, వాళ్లు దారి ఇవ్వడం. ఏ దవాఖాన అని ఎవరైనా అడిగితే నేను "ముంగట, ఇంక జర ముంగట" అంటూ చెయ్యి చాచి చూపించేవాణ్ని. ఎండ నడినెత్తికి వస్తోంది. అబద్ధం మోస్తూ ఎండలో నడవడం కంటే అలసట ఇంకొకటి లేదు.

ట్రాలీ పక్కన నడుస్తున్న పక్కింటాయన నా చెవి దగ్గరికి వచ్చి, "ఇలాగే ముంగటికి పోతే ఎల్బీనగర్ వస్తుంది, ఆ తర్వాత విజయవాడే అన్నయ్యగారూ. నాకైతే సంతోషమే," అన్నాడు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది.

పెట్టెలు మా ఇంట్లో దించాలని పక్కింటాయన ట్రాలీ డ్రైవర్‌కు ముందే చెప్పి ఉన్నాడు. అతను తన దారిన తాను మా సందులోకి తిప్పేశాడు. గేటు దగ్గర మా ఆవిడ నిలబడి ఉంది, మెడ చుట్టూ తడి తువ్వాలుతో. ట్రాలీని, జెండాను, మమ్మల్నందరినీ చూసింది.

"ఒచ్చిందా ఏసీ? గింతమందా బిగించేటోళ్లు?"

నినాదాలు ఆగిపోయాయి. కార్యదర్శి నా వైపు తిరిగి, "దవాఖాన ఏదే?" అన్నాడు. నేను చెప్పులు చూసుకున్నాను. వెనక నుంచి ఒకతను గట్టిగా, "మేము ఎండల సస్తుంటే, బంద్‌ల నువ్వు ఇంటికి ఏసీ తెప్పించుకుంటవా? మర్లగొట్టుండ్రి బండిని!" అన్నాడు. నలుగురైదుగురు ట్రాలీ ముందుకు వచ్చి నిలబడ్డారు. వాళ్లది తప్పని ఇప్పటికీ అనలేను.

మా ఆవిడ గేటు దాటి వీధిలోకి వచ్చింది. నాకు సాయం చేయడానికి రాలేదు, నా వైపు చూడనైనా లేదు.

"దవాఖాన లేదు, ఏం లేదు. ఆయన అబద్ధమాడిండు. ఏసీ నాకే," అంది. "నాకు గర్భసంచి తీసిండ్రు తమ్మీ. అప్పటి సంది ఒళ్లంత పొయ్యి మీద కూసున్నట్టే ఉంటది. చెమటకు గుడ్డ పాడైతదని మిషన్ బందు పెట్టిన. మీరు గూడ ఇయ్యాల అన్నీ బందు పెట్టిండ్రు గద, సాయంత్రానికి తెరుస్తరు. నాది మళ్ల తెరుసుకోదు."

ఇంట్లో ఆడవాళ్లు ఆడవాళ్లతో కూడా గుసగుసగా చెప్పుకునే మాటను ఆమె పాతికమంది మగవాళ్ల ముందు, మిట్టమధ్యాహ్నం, నడివీధిలో చెప్పింది. ఎదురింటి కిటికీల్లో ఆడవాళ్లు కనబడ్డారు. బండిని వెనక్కి పంపమన్నతను ట్రాలీ ముందు నుంచి పక్కకు జరిగాడు.

"మా అమ్మ గూడ నడిజాము నల్లా కింద కూసుంటదక్కా," అన్నాడు. "మేము పిచ్చి లేసిందనుకున్నం."

"పిచ్చి కాదు బిడ్డా. అమ్మను ఓపారి నా తానికి పంపు," అంది ఆమె.

అతనే ముందుగా పెట్టెకు భుజం పట్టాడు. తర్వాత అందరూ పట్టారు. బంద్ కాబట్టి బిగించే మనిషి రాలేడు. దుకాణం పెట్టకముందు పక్కింటాయన చేసిన పని అదే గనుక, ప్యాంటు మార్చుకుని లుంగీ పైకి కట్టి తానే నిచ్చెన ఎక్కాడు. కరెంటు లేదు. సుత్తీ ఉలీ పెట్టి గోడకు కన్నం కొడుతుంటే కార్యదర్శి కింద నిచ్చెన పట్టుకుని, "మా గోడను జర పైలంగ కొట్టన్నా," అని ఆటపట్టించడం, ఆయన పైనుంచి "మీ గోడకేం కాదు, నా నిచ్చెన వదలకండి బాబూ," అనడం. ఆ కన్నం నేనే కొట్టానని తర్వాత చాలామందికి చెప్పాను. నేను చేసిందల్లా మంచినీళ్లు అందించడం. అది కూడా మూడో చెంబు తర్వాత పక్కింటావిడే అందుకుంది.

అంతా అయ్యాక అందరం అరుగు మీదా మెట్ల మీదా కూలబడి కరెంటు కోసం ఎదురుచూశాం. సాయంత్రం కరెంటు వచ్చింది. మా ఆవిడ గదిలోకి వెళ్లి తలుపు మూసుకుంది. చాలాసేపటి వరకు ఏ చప్పుడూ లేదు. తర్వాత మిషన్ తిరిగిన చప్పుడు వినిపించింది. కార్యదర్శి లేచి ప్యాంటు దులుపుకుని, పోయొస్తనని నాతో కాదు, తలుపుతో చెప్పి వెళ్లాడు.

ఆ మర్నాటి నుంచి ఆ గదికి జాకెట్ల కోసమే కాకుండా ఊరికే కూడా వచ్చేవాళ్లు మొదలయ్యారు. కిటికీల్లోంచి చూసినవాళ్లు, వాళ్ల అక్కలు, వదినలు. నల్లా కింద కూర్చునే ఆ తల్లి కూడా వచ్చింది. తలుపు మూసుకుని వాళ్లేం మాట్లాడుకున్నారో నాకు తెలియదు, నవ్వులు మాత్రం వినిపించేవి. మిషన్ ఇంకా చాలా ఏళ్లు నడిచింది.

ఆ తర్వాత రాష్ట్రం వచ్చింది. వెళ్లిపోవలసి వస్తుందేమోనని దిగులుపడిన పక్కింటివాళ్లు ఎక్కడికీ వెళ్లలేదు, నాదర్‌గుల్ దగ్గర స్థలం కొనుక్కుని పెద్ద ఇల్లు కట్టుకుని మారారు, అంతే. ప్రహరీగోడ దగ్గర వాదించడానికి మనిషి లేకపోయేసరికి నాకు రాష్ట్రం వచ్చిన సంతోషం కొంత తగ్గిందని ఆయనతోనే ఫోన్‌లో అన్నాను. అందులో మటుకు కల్పన ఏమీ లేదు. మా ఆవిడకు ఆ సెగలు ఎప్పుడో తగ్గిపోయాయి. కళ్లు ఆనక మిషన్ ఆపేసింది, ఇప్పుడు ఏసీ వేస్తే దుప్పటి అడుగుతుంది.

మా వీధిలో ఇవాళ ఏసీ లేని ఇల్లు లేదు. సాయంత్రం సందులో నడిస్తే అన్ని ఇళ్ల వేడిగాలీ ఒంటికి కొడుతుంది, మనిషి మాత్రం కనబడడు. అరుగులు పోయాయి, తలుపులన్నీ మూసే ఉంటాయి. పక్కింట్లోకి నిరుడు కొత్తగా ఎవరో దిగారు. వాళ్ల ఏసీ పెట్టె పొద్దస్తమానం, చలికాలంలో కూడా ఆగకుండా మోగుతూ ఉంటుంది. లోపల ఎవరో ఆడమనిషి ఉంది, ఒకటి రెండుసార్లు మెడకు తువ్వాలు చుట్టుకుని బాల్కనీలో నిలబడగా చూశాను. ఏమ్మా, ఒంట్లో ఎట్లుందని అడగాలనిపిస్తుంది. మా ఆవిడైతే అడిగేస్తుంది గాని, మోకాళ్ల నొప్పులతో మెట్లు దిగలేకపోతోంది. నేనేమో రోజూ ఆ ఇంటి ముందు దాకా నడిచి, ఆ మాట ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక తిరిగి వస్తున్నాను.