దగ్గుతూ నడిచిన ఈదన్న

మధ్యాహ్నం రెండింటికి జీపు నన్ను నల్లమల బేస్ క్యాంపులో దింపింది. శివరాత్రి వెళ్లిన వారం. చలి శివశివా అని పోయింది, ఎండ ముదురుతోంది. పదిహేడేళ్ల సైన్యం తర్వాత ఆరు నెలల అడవి గస్తీ డ్యూటీ. రేకుల షెడ్డు, ఐదు మంచాలు, ఒక వైర్‌లెస్ సెట్టు. చేతికి లాఠీ, నడుముకు వాకీటాకీ ఇచ్చారు. తుపాకీ లేదు.

నా జోడీ వాచర్ ఈదన్న, ఆ కొండల్లోనే పుట్టినవాడు. నడుస్తూ దగ్గుతాడు, కర్రతో రాళ్లను కొడతాడు, లేని మేకలను అదిలిస్తాడు. సైన్యంలో గస్తీలో చప్పుడు చేస్తే మూట మోయించి పరుగెత్తించేవారు.

"ఏందన్నా గీ లొల్లి? కట్టెల దొంగలు ఉరకరా?"

"ఉరికితే ఉరకనీ సార్. ఎలుగొడ్డుకు మనమొస్తున్నమని చెప్పాలె గద. చెప్పకుంట నీ ఇంట్ల జొరబడితే నువ్వూకుంటవా?"

నేను వినలేదు. ఆయన నోరు మూయించాను. నలభై రోజులు పిల్లుల్లా నడిచాం. ఒక్క ఎలుగూ ఎదురుపడలేదు. రోజూ వైర్‌లెస్‌లో "అంతా ఖైరియత్" అని క్షేమం చెప్పి మీసం దువ్వేవాణ్ణి.

"గుడ్డెద్దు చేన్ల వడ్డట్టు పోతున్నం సార్" అని ఈదన్న నవ్వేవాడు.

అదృష్టాన్ని నా పనితనం అనుకున్నాను.

ఇప్పపూలు రాలే రోజులు. ఉదయం ఆరుంబావు. వాగు మలుపులో నేను ముందు. పది అడుగుల్లో తల్లి ఎలుగు, వీపు మీద పిల్ల. తలెత్తింది. నా కాళ్లు కదల్లేదు. అది మీదికి రాగానే ఈదన్న నన్ను పక్కకు తోసి, అరుస్తూ కర్ర అడ్డం పెట్టాడు. కర్రతోపాటు ఎడమ చెయ్యి కూడా దాని నోట్లో పడింది. మరుక్షణం వదిలేసి పొదల్లోకి పోయింది.

"బేస్, ఎలుగు దాడి. జీపు పంపండి."

"దెబ్బ ఎవరికి?"

వాకీటాకీ నడుముకు తగిలించి ఈదన్న పక్కన కూర్చున్నాను.

చేతికి తువ్వాలు బిగించి, ఆయన్ను వీపున వేసుకుని జీపు బాట దాకా రెండు కిలోమీటర్లు నడిచాను. చెవి దగ్గర సన్నగా అన్నాడు. అంతవరకూ నన్ను సార్ అనేవాడు.

"తమ్మీ, జర దగ్గు."

దగ్గాను. ఏడుస్తూ, దారి పొడుగునా దగ్గాను.

నాగర్‌కర్నూల్ దవాఖానలో రెండు వేళ్లు తీసేశారు. నేను కాళ్ల మీద పడబోతే ఈదన్న ఆపాడు. "ఊకో తమ్మీ. బీడీ వట్టనీకి కుడిచెయ్యి ఉన్నది గద."

డ్యూటీ ముగించుకుని వనపర్తి మీదుగా మా ఊరు అమరచింత చేరాను. ఇప్పటికీ చేనుకు పోతూ దగ్గుతుంటాను. మా ఆవిడ దవాఖానకు పొమ్మని పోరుతుంది. ఆమెకు ఏమని చెప్పను? డ్యూటీ ముగిసి నేను క్యాంపులో జీపు ఎక్కిన ఉదయం ఈదన్న కొత్త జోడీతో గస్తీకి బయలుదేరాడు. మూడు వేళ్ల చేత్తో కర్ర పట్టి రాళ్లను కొడుతూ పోతున్నాడు. మలుపు తిరిగే ముందు ఆగి, నా వైపు చూసి, గట్టిగా దగ్గాడు.