మా తోడల్లుడి రీలు

మా తోడల్లుడి గేలం రీలు పాడవలేదు. పాడైందని అతను నమ్మాడు, మా అత్తవారింట్లో అందరూ నమ్మారు, నేను నమ్మనిచ్చాను. తప్పల్లా నేను దారం చుట్టిన తీరులో ఉంది. ఆ సంగతి చాలా ఏళ్ళు ఎవరికీ చెప్పలేదు.

నాకు రాజమండ్రిలో చిన్న దుకాణం ఉంది. పాత టేపు రికార్డర్లు బాగుచేస్తాను. క్యాసెట్లు రాకముందు వాడిన పెద్ద స్పూలు టేపులు ఎవరింట్లోనైనా అటక మీద మిగిలి ఉంటే, వాటిని కంప్యూటర్లోకి ఎక్కించి ఇస్తాను. అది నా తిండి. సముద్రంలో గేలం వెయ్యడం నా పిచ్చి. వీలు దొరికితే కాకినాడ వెళ్ళి, తెలిసిన బోటు మీద లోపలికి పోయేవాణ్ణి.

మా అత్తవారిది భీమవరం. క్రిస్మస్‌కీ ఈస్టర్‌కీ గుళ్ళో ఆరాధన అయ్యాక అందరం అక్కడే భోజనం. చాలాకాలం ఆ ఇంటికి చేప తెచ్చే అల్లుణ్ణి నేనొక్కణ్ణే. ఐసుపెట్టెలోంచి కోనెం చేప తీసి పళ్ళెంలో పెడితే మా అత్తగారు కొంగు దోపుకుంటూ, "పెద్దబాబు వెళ్ళారంటే సముద్రంలో ఇంకేం మిగలదు" అనేవారు. బడిలో పంతులమ్మగా చేసిన మనిషి, ఊరికే మెచ్చుకునే రకం కాదు. ఆ మాట కోసం నేను వాంతులు చేసుకుంటూ కూడా సముద్రం మీదికి వెళ్ళాను.

తరవాత మా మరదలికి పెళ్ళయింది. తోడల్లుడిది రొయ్యల మేత వ్యాపారం. నాకంటే చిన్నవాడు, నవ్వుముఖం. "అన్నయ్యగారూ, నాకూ నేర్పండి" అంటే నేనే బోటెక్కించి నేర్పాను. నా దగ్గర నేర్చుకున్నంతకాలం అతనంటే నాకు ఇష్టమే. ఆ తరవాతి ఏడు అతను జిగ్గింగ్ రాడ్డూ రీలూ విదేశం నుంచి తెప్పించుకున్నాడు.

జిగ్గింగ్‌కి ఎర అక్కర్లేదు. చేప ఆకారంలో పోసిన సీసపు ముక్కను అడుగుదాకా వదిలి, రాడ్డును కుదుపుతూ, రీలు తిప్పుతూ పైకి తేవాలి. కింద ఉన్న పెద్ద చేపకు అది పారిపోతున్న చిన్న చేపలా కనిపిస్తుంది. రోజంతా కుదపాలి కాబట్టి రాడ్డు తేలిగ్గా ఉండాలి, రీలు గట్టిగా ఉండాలి. అతనివి అలాగే ఉన్నాయి. హ్యాండిల్ తిప్పితే చప్పుడే లేదు. నా రీలు తిప్పితే పిండిమర ఆడినట్టుండేది.

ఆ క్రిస్మస్‌కి అతను తెచ్చిన పార చేప అత్తగారి పళ్ళెంలో పట్టలేదు. "చిన్నబాబు చూడండి, వచ్చీరాగానే!" అన్నారావిడ. మంచి ముక్క అతని కంచంలో వేశారు. నాకు తోక దగ్గరి ముక్క వచ్చింది. ఇదేం పెద్ద విషయం కాదని నాకు తెలుసు. అయినా భీమవరం నుంచి రాజమండ్రి దాకా మా ఆవిడతో మాట్లాడలేదు.

కొన్నాళ్ళకు అతను కొత్త దారం కొని, రీలుతో సహా నా దుకాణానికి తెచ్చాడు.

"ఇది మీరే చుట్టాలండీ. టేపు చుట్టినట్టు వరుస తప్పకుండా చుడతారు. నేను చుడితే మీ మరదలి ఊలు ఉండలా తయారవుద్ది."

అది సన్నటి అల్లిక దారం. నున్నటి లోహపు స్పూలు మీద దానికి పట్టు దొరకదు. అందుకని ముందు కొంచెం నైలాన్ దారం చుట్టాలి, లేదా కొసను టేపు ముక్కతో అంటించాలి. లేకపోతే చిన్న చేపలు పడ్డప్పుడు తేడా ఏమీ తెలియదు గాని, పెద్ద చేప లాగినప్పుడు దారం చుట్ట మొత్తం స్పూలు మీద గుండ్రంగా జారిపోతుంది. ఇది నాకు బాగా తెలుసు. తెగిన టేపులు అతికే అంటుపట్టీ నా చేతికి అందేంత దూరంలో ఉంది. దాన్ని చూస్తూనే, ముడి వేసి, చుట్టడం మొదలుపెట్టాను. వరుస మాత్రం ఒక్కటి కూడా తప్పలేదు.

ఆ దారంతో ఇద్దరం బోటెక్కిన రోజు పొద్దున అంతా బాగానే జరిగింది. ఎండ ఎక్కాక అతని రాడ్డు విల్లులా వంగింది. అంత వంగడం నేనెప్పుడూ చూడలేదు. అతను హ్యాండిల్ తిప్పుతున్నాడు, స్పూలు తిరుగుతోంది, దారం మాత్రం బయటికే పోతోంది. బ్రేకు పూర్తిగా బిగించాడు. అయినా పోతోంది.

"అన్నయ్యగారూ, ఏంటండీ ఇది? పట్టట్లేదేంటి?"

"రీలు పోయినట్టుంది" అన్నాను.

అతను ఆగలేక ఎడమచేత్తో దారం పట్టుకున్నాడు.

"ఆయ్, చెయ్యి పెట్టకండి బాబుగారూ! అది కత్తండీ!" అని బోటువాడు అరిచేలోపే రక్తం వచ్చింది. దారం తెగింది, చేప పోయింది. చూపుడువేలికి కుట్లు పడ్డాయి. ఆ వేలు ఇప్పటికీ పూర్తిగా ముడుచుకోదు.

అతనెవరినీ ఏమీ అనలేదు. "అంత డబ్బు పోసి కొంటే ఇదీ! నాకు సముద్రం అచ్చిరాలేదండీ" అని నవ్వి, రీలు నాకే ఇచ్చేశాడు. "మీకు బాగుచెయ్యడం వచ్చు. ఉంచుకోండి." మళ్ళీ బోటెక్కలేదు.

ఇంటికొచ్చి దారం విప్పి, అంటుపట్టీ వేసి మళ్ళీ చుట్టాను. అంతే పని. ఆ రీలుతో ఎన్నో చేపలు పట్టాను. మంచి ముక్క మళ్ళీ నా కంచంలోకి వచ్చింది. "అందరికీ అబ్బుతుందా ఏంటి" అని అత్తగారు అంటే ముందుగా నవ్వేది అతనే. "నా చేతిలో తిరగనిది ఆయన చేతిలో ఎలా తిరుగుతుందో చూడండి!" అనేవాడు. అతని రీలు నాకు దక్కింది గాని, అలా నవ్వగలగడం దక్కలేదు. ప్రతి ఆదివారం గుళ్ళో అందరితో కలిసి పాపపు ఒప్పుకోలు పైకి చదివేవాణ్ణి. అన్ని గొంతుల మధ్య నాది విడిగా వినిపించేది కాదు.

మొన్న వేసవిలో అతను ఒక స్పూలు టేపు తెచ్చాడు. వాళ్ళ నాన్నగారు బతికుండగా గుడి పాటల బృందాన్ని నడిపేవారట. అందులో ఆయన గొంతుంది. ఇచ్చి వెళ్ళిపోకుండా పక్కన స్టూలు వేసుకు కూర్చున్నాడు. నేను టేపు కొసను ఖాళీ స్పూలు మీద పెట్టి, వేలితో నొక్కి పట్టి, మెల్లిగా చుట్లు తిప్పాను.

"వేలితో ఎందుకండీ నొక్కడం?"

"మొదట్లో పట్టు దొరకాలి. లేకపోతే స్పూలు తిరుగుతుంది గాని టేపు చుట్టుకోదు" అన్నాను. ఆ పని చేసేటప్పుడు ఎవరడిగినా చెప్పే మాటే.

అతను నవ్వాడు. "అచ్చం నా రీలులాగే!"

నేను స్పూలు తిప్పడం ఆపేశాను. అతను నవ్వుతూనే ఉన్నాడు, ఏమీ అనుమానించలేదు. అదే భరించలేకపోయాను.

"అచ్చం అదే తమ్ముడూ. నీ రీలు పాడవలేదు. అడుగున పట్టీ వెయ్యకుండా దారం చుట్టాను. అందుకే జారింది."

అతను తన వేలివంక చూసుకున్నాడు. తరవాత మెల్లిగా, "మర్చిపోయుంటార్లెండి. దుకాణంలో పనుల్లో పడి..." అన్నాడు.

అవునంటే అక్కడితో అయిపోయేది. అతను మళ్ళీ ఎప్పుడూ ఎత్తేవాడు కాదు.

"మర్చిపోలేదు. తెలిసే వెయ్యలేదు. అత్తగారు నిన్ను మెచ్చుకుంటే ఓర్చుకోలేకపోయాను. బోటు మీద నువ్వడిగినప్పుడైనా చెప్పుంటే నీ వేలు దక్కేది. చెప్పలేదు. నీ రీలుతో పట్టిన చేపలు నీ ఎదురుగానే కూర్చుని తిన్నాను. తప్పు చేశాను తమ్ముడూ. నన్ను క్షమించు."