మైక్ బంద్ ఉన్నప్పుడు వినిపించిన మాట

మా కామాటిపురా చాల్‌లో వరస గదులన్నిటికీ ఒకటే నల్లా. ఆ నీళ్ల లైన్‌లో నిలబడితే చాలు, దయ్యాల సంగతులు వద్దన్నా చెవిన పడతాయి. నేను ఒక్కటీ నమ్మలేదు. మెట్ల కింద తెల్లగా ఎవరో కూర్చున్నారంటే, తాగి పడిపోయినవాడి లుంగీ అయి ఉంటుంది, పోయి చూడండి అనేదాన్ని. ఇప్పుడు నాకు జరిగింది రాస్తున్నాను. దీన్ని దయ్యం అనడానికి మాత్రం నోరు రాదు.

పెళ్లయి పాలమూరు నుంచి వచ్చాక మా అత్తతో పాటు బిల్డింగ్ పనికి పోయాను. నెత్తిన సిమెంటు మాలు నిండిన ఘమేలా, అంటే ఇనుప తట్ట, పెట్టుకుని గోడ పక్కన కట్టిన వెదురు పరాంచి ఎక్కాలి. మొదట్లో నేను సగంలోనే ఆగిపోయేదాన్ని. వెనకే ఎక్కుతూ అత్త అనేది: "కాలు పెట్టు బిడ్డా. కింద చూడకు. నేను వెనకున్న." ఆ మాట నేను ఎప్పుడూ ఎవరికీ చెప్పలేదు. చెప్పుకునేంత పెద్ద మాట అనుకోలేదు. అత్త పోయి చాలా ఏళ్లయింది. ఆమెకూ అప్పటి నాలాగే అక్షరం ముక్క రాదు.

మోకాళ్లు అరిగి పని మానేశాక, ఫోన్‌లో పెద్దవాళ్లకు తెలుగు నేర్పే క్లాసులో మనవరాలు నన్ను చేర్పించింది. దాని చదువంతా మరాఠీలోనే. "నువ్వు నేర్చుకుని నాకు నేర్పు అవ్వా" అంది. ఆ మాట కోసమే కూర్చున్నాను.

పాలమూరులో ఉండే మేడం చెప్పేది. మేము చిన్న చిన్న గడుల్లో కనిపించేవాళ్లం. క్లాసు సాయంత్రం, సరిగ్గా మాకు నల్లా వచ్చే వేళ. మొదటి రోజే గదుల ముందున్న గ్యాలరీలో బిందెల కొట్లాట తిట్లతో సహా అందరికీ వినిపించింది. "వదినా, నీ దగ్గర రెండు క్లాసులు నడుస్తున్నయి" అని ధారావి నుంచి చేరే బాలమణి నవ్వింది. అందుకే అ, ఆ కంటే ముందు నేను నేర్చుకున్నది మైక్ బంద్ చేయడం.

చివరికి ఒక్కొక్కరం పాఠం పైకి చదవాల్సిన రోజు వచ్చింది. చదివినవాళ్లు పై క్లాసుకు, చదవనివాళ్లు మళ్లీ మొదటికి. ఇవాళ చదవలేకపోతే ఇక చాలు, మానేద్దామని లోపల అనుకున్నాను. కొడుకు, కోడలు పనికి పోయారు. మనవరాలు ట్యూషన్‌లో ఉంది. తలుపు గడియ పెట్టి కూర్చున్నాను.

రెండు వాక్యాలు బాగానే చదివాను. తర్వాత 'ప్రయాణికులందరూ' అనే మాట వచ్చింది. అంత పొడుగు మాట చూసేసరికి కళ్లలో నీళ్లు తిరిగాయి. నా ఏడుపు ఎవరూ వినకూడదని చటుక్కున మైక్ బంద్ చేశాను.

ఆ రోజు నల్లా రాలేదు, మా ఒంటి గది ఖోలీలో ఏ చప్పుడూ లేదు. కానీ ఎందుకో వెన్ను నిటారుగా అయింది. 'ప్ర' మీద వేలు పెట్టాను. తర్వాత 'యా'. మనసులోనే ఒక్కో అక్షరం దాటుకుంటూ మాట చివరకు చేరాను. మైక్ తెరిచి ఆ మాట పైకి చదివి, పాఠం పూర్తి చేశాను.

మేడం మెచ్చుకుంది. తర్వాత అడిగింది: "మీ వెనక ఎవరో పెద్దమ్మ ఉన్నట్టున్నరు. చదువుతుంటే కాలు పెట్టు, కింద చూడకు అంటరేంది?"

వెనక్కి తిరిగి చూశాను, ఎవరూ లేరు. అప్పుడు మైక్ బంద్ ఉంది కదా అన్నాను. బాలమణి తానూ విన్నానంది. "నీ గడిలో మైక్ మీద ఎర్ర గీత ఉండె వదినా, నేను చూసిన. అయినా వినొచ్చింది."

మనవరాలు వచ్చి ఫోన్ అంతా వెతికింది. ఒక్కోసారి నొక్కినా మైక్ బంద్ కాదు అవ్వా అంది. సరే, అలాగే కావచ్చు. కానీ అప్పుడు ఖోలీలో నేను ఒక్కదాన్నే. నేను నోరు తెరవలేదు. నా చెవికి ఏదీ వినబడలేదు. ఆ మాట ఎక్కడి నుంచి పోయిందో ఈ రోజుకీ చెప్పలేను. భయం మాత్రం వేయలేదు. ఆ రాత్రి అత్త ఫొటో ముందు దీపం పెట్టి, చదివిన పాఠమే మళ్లీ పైకి చదివాను.

ఇప్పుడు పై క్లాసులో ఉన్నాను. మనవరాలికి నేనే నేర్పుతున్నాను. మొన్న అది ఒక పెద్ద మాట దగ్గర ఆగిపోయి పుస్తకం మూయబోయింది. నేను దాని వెనక కూర్చుని జడ వేస్తున్నాను.

"కాలు పెట్టు బిడ్డా" అన్నాను.

"చదవడానికి కాలెందుకు అవ్వా?" అని నవ్వింది. నవ్వుతూనే ఆ మాట చదివేసింది.