అవ్వ చేతిలో రాయి

నైజాం కాలం. నాకు పదేళ్లుంటాయి. మా బాపు మా ఊరు ఎల్లారెడ్డి నుంచి కామారెడ్డి స్టేషనుకు ఎడ్లబండి మీద బెల్లం తోలేవాడు. కామారెడ్డి సేటు ఒకాయన కొత్త లారీ తెచ్చుకుని పాతది అమ్ముతున్నాడని విని, అవ్వను, నన్ను తీసుకుని వెళ్లాడు. నాన్నను బాపు అని, అమ్మను అవ్వ అనే పిలిచేవాళ్లం.

ఎద్దును కొనేటప్పుడు బరువు లాగించి చూసినట్టే లారీనీ చూడాలన్నాడు బాపు. సేటు నవ్వి, బస్తాలు నింపించి, ఊరి బయట ఎత్తు దగ్గరికి తీసుకెళ్లాడు. బాపు సేటు డ్రైవరు పక్కన, నేను బస్తాల మీద కూర్చున్నాం. అవ్వ మాత్రం దిగి ఒక రాయి చేతిలోకి తీసుకుంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఎడ్లు ఆగితే చక్రం కింద పెట్టడానికి, బండి వెనక అలా నడవడం ఆమెకు అలవాటు.

"ఇది ఎడ్లబండి గాదమ్మా, ఎక్కు," అన్నాడు సేటు.

"నడుస్త తియ్యి," అంది అవ్వ.

సగం ఎత్తులో ఇంజను ఆగిపోయింది. బ్రేకు పట్టలేదు. లారీ వెనక్కి జారుతుంటే నేను బస్తాను గట్టిగా పట్టుకున్నాను. వెనక వస్తున్న సేటు మనుషులు పక్కకు దూకారు. అవ్వ చక్రం దగ్గరికి వచ్చి దాని కిందికి రాయి తోసింది. లారీ ఆగింది.

అవ్వ చేతులు దులుపుకుని, "బ్రేకు బాగు చేయించియ్యి సేటు, కొంటం," అంది.

లారీ మాదై, సేటు డ్రైవరే నడుపుతుండగా ఇంటికి వస్తుంటే, అదే ఎత్తు దగ్గర బాపు దిగి రాయి అందుకున్నాడు.

"నువ్వు కూసో. ఇయ్యాల నేను నడుస్త," అన్నాడు అవ్వతో.

మా ఇంట్లో మొదటి లారీ ఎవరు కొన్నారని మనవలు అడిగితే, నేను ఇప్పటికీ అవ్వ పేరే చెబుతాను.